బాపు నూనె మానేసినా ట్రైగ్లిజరైడ్లు 310 ఎందుకు: లివర్ కణం కొవ్వును ఎలా పేర్చి పంపుతుంది

హన్మకొండ నుంచి ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్న అమ్మాయి అడిగింది: "మా బాపుకు యాభై రెండేండ్లు. ఎనిమిది నెలల సంది నూనె దాదాపు మానేసిండు. పోపు కూడా లేదు. అయినా పరగడుపున తీసిన రక్తంల ట్రైగ్లిజరైడ్లు 310 వచ్చినయి. స్కానింగుల లివర్‌కు కొవ్వు పట్టిందన్నరు. తినని నూనె యాడికెల్లి వచ్చింది సార్? క్లాసుల అపో బి, ఎంటీపీ, వీఎల్‌డీఎల్ అని ఒక్క పేజీల చెప్పి అవుతలకు పోయిన్రు. కణం లోపల అసలేం జరుగుతది?"

బిడ్డా, నువ్వు రెండు ప్రశ్నలు అడిగాననుకుంటున్నావు గానీ అది ఒకటే ప్రశ్న. ఆ ఒక్క పేజీ సరిగ్గా అర్థమైతే బాపు రిపోర్టు దానంతట అదే అర్థమవుతుంది. ముందు పేర్లు తెలుసుకో: ట్రైగ్లిజరైడ్ అంటే నూనె, కొవ్వు రూపమే. వీఎల్‌డీఎల్ అంటే దాన్ని రక్తంలో మోసే మూట. అపో బి ఆ మూటను పట్టి ఉంచే ప్రొటీన్, ఎంటీపీ దానికి కొవ్వు అందించే ప్రొటీన్. వరంగల్‌లో ముప్పై ఏండ్లకు పైగా బయోకెమిస్ట్రీ చెప్పిన. మొదటి పదేండ్లు నేను కూడా దీన్ని ఒక్క వాక్యంలోనే దాటేసిన: "లివర్‌లో ప్రొటీన్, కొవ్వు కలిసి వీఎల్‌డీఎల్ తయారై రక్తంలోకి వెళ్తుంది." ఆ "కలిసి" అన్న మాటలోనే అసలు కథంతా ఉందని తర్వాత తెలిసింది.

ముందు ఒక పరీక్షనాళిక సంగతి చెప్తా. ఒకసారి ప్రాక్టికల్స్‌కు ఒక పిల్లగాడు పెండ్లిలో బగార అన్నం, మటన్ దండిగా తిని మూడు గంటల్లోపే వచ్చిండు. రక్తం తీసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన సీరమ్ పాలలెక్క తెల్లగా వచ్చింది. పిల్లలంతా భయపడ్డరు, వానికేమో రోగమని. ఆ నాళికను అట్లే తీసుకుపోయి రాత్రంతా ఫ్రిజ్‌లో నిలబెట్టిన. పొద్దున చూస్తే పైన మీగడ కట్టింది, కింద సీరమ్ తేటగా ఉంది. ఆ మీగడ కైలోమైక్రాన్లు: పేగు కణాలు అప్పుడే తిన్న నూనెను మూటగట్టి పంపినవి. బాపు రక్తం అట్లా ఫ్రిజ్‌లో పెడితే మీగడ రాదు. నాళిక మొత్తం పైనుంచి కిందిదాకా కొద్దిగా మబ్బుగా ఉంటుంది. అది వీఎల్‌డీఎల్, లివర్ కట్టి పంపిన మూట. మీగడంత తేలిక కాదు కాబట్టి పైకి తేలదు.

తేడా అక్కడే ఉంది. తిన్న నూనె కైలోమైక్రాన్లుగా వచ్చి కొన్ని గంటల్లో రక్తం నుంచి పోతుంది. పన్నెండు గంటలు ఏమీ తినకుండా ఇచ్చిన రక్తంలో కనిపించే ట్రైగ్లిజరైడ్లలో దాదాపు అంతా లివర్ సరుకే. కాబట్టి బాపు విషయంలో "ఏ నూనె తిన్నడు" అని అడిగితే జవాబు దొరకదు. లివర్‌కు ఆ కొవ్వు ఎక్కడిది, దాన్ని ఎట్లా ప్యాక్ చేసింది, ఎంత పంపింది, ఎంత లోపలే ఉంచుకుంది అని అడగాలి.

ఇంకో చిన్న మాట, దారిలో ఉంది కాబట్టి. బాపు రిపోర్టులో వీఎల్‌డీఎల్ అని 62 అని ఉంటుంది, చూడు. అది ఎవరూ కొలిచింది కాదు. 310ని ఐదుతో భాగించిన్రు, అంతే. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, ఆయన సోపతులు చెప్పిన లెక్క అది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క చెల్లదు.

ఇగ కణం లోపలికి పోదాం. నూనె నీటిలో కలవదు, రక్తమేమో ఎక్కువ భాగం నీరు. దానిలో నూనెను మోయాలంటే బయటి పొర నీటికి ఇష్టమైనదిగా, లోపల నూనె దాక్కునేటట్టుగా ఒక గుండ్రని మూట కావాలి. నువ్వు హన్మకొండ పిల్లవు, బతుకమ్మ పేర్చిన చేతులే కదా. తాంబాలంలో గుమ్మడి ఆకు పరిచి, తంగేడు, గునుగు వరసలు ఎట్లా పెడతాం? పువ్వు ముఖం బయటికి, కాడ లోపలికి. మధ్యలో ఖాళీ ఉంటే కూలిపోతుందని తరిగిన ఆకులు, కాడలు కూరుకుంటూ పోతాం. వీఎల్‌డీఎల్ కూడా అచ్చం అట్లనే. ఫాస్ఫోలిపిడ్లు అంటే నీటిని ఇష్టపడే తల, నూనెను ఇష్టపడే తోక ఉన్న కొవ్వులు. వాటి తలలు బయటికి, తోకలు లోపలికి. నడుమ నింపుడు సరుకు ట్రైగ్లిజరైడ్లు, కొలెస్టరాల్ ఎస్టర్లు. ఎత్తుగా పేర్చిన బతుకమ్మకు మా అవ్వ చివర ఒక దారం చుట్టేది, జారిపోకుండా. ఆ దారం ఇక్కడ అపో బి.

ఇది ఊరికే అంటున్న పోలిక కాదు. వీఎల్‌డీఎల్ కొవ్వు దింపుకున్నాక మిగిలే ఎల్‌డీఎల్ కణికను అతి చల్లటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి అపో బి ఆకారాన్ని 2024 డిసెంబరులో ప్రచురించిన్రు. ఒక పొడవాటి పట్టీ కణిక చుట్టూ తిరిగి ఉంది, దాని మీదుగా చిన్న చిన్న కొమ్మలు అటూ ఇటూ వేసి పట్టుకున్నయి. అవ్వ చుట్టిన దారమే గుర్తుకొచ్చింది నాకు.

అయితే బతుకమ్మలో ఒక నియమం ఉంది. ముందు పూలన్నీ బోలుగా పేర్చి, తర్వాత లోపల నింపుతామంటే కుదరదు. వరస పెట్టుకుంటూ నింపాలి, నింపుకుంటూ వరస పెట్టాలి. అపో బికి కూడా ఆ ఇబ్బందే ఉంది. అందుకే దాని కోసం కణం ప్రత్యేకంగా ఒక ఏర్పాటు చేసుకుంది.

అపో బి ఎంత పెద్దదో ముందు ఊహించుకో. లివర్‌లో తయారయ్యే అపో బి–100లో 4,536 అమైనో ఆమ్లాలు. ఇన్సులిన్ ముందు రూపం మొత్తం కలిపి 110. ప్రొటీన్ గొలుసును కట్టే యంత్రం రైబోజోమ్. అది సెకనుకు ఐదారు అమైనో ఆమ్లాలు కలుపుతుందనుకుంటే ఒక్క అపో బి పూర్తి కావడానికి పావుగంట అటూఇటూ. అందులో పొడుగూతా నూనెను అంటుకునే పట్టీలే. అంత జిడ్డు ప్రొటీన్ నీటిలో ఒంటరిగా పావుగంట తేలుతూ ఉంటే ఏమవుతుంది? ముద్దకట్టి పాడవుతుంది. కాబట్టి గొలుసు తయారవుతుండగానే, దాని ముందు కొస ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, అంటే బయటికి పంపే ప్రొటీన్లు తయారయ్యే పొరల గది, మన భాషలో ఈఆర్ లోపలికి రాగానే, దానికి కొవ్వు అందించాలి. ఆ అందించే చెయ్యి ఎంటీపీ. పూర్తి పేరు మైక్రోజోమల్ ట్రైగ్లిజరైడ్ ట్రాన్స్‌ఫర్ ప్రొటీన్.

ఎంటీపీ రెండు ముక్కల ప్రొటీన్. పెద్దది 894 అమైనో ఆమ్లాలు. కొవ్వును పట్టుకునే గుంత దానిలోనే ఉంది. చిన్నది పీడీఐ, అంటే మామూలుగా ప్రొటీన్లలో సల్ఫర్ బంధాలను సరిచేసే ఎంజైమ్. ఇక్కడ మాత్రం దానికి ఆ పని లేదు. పెద్ద ముక్క కరిగి ఉండేటట్టు, ఈఆర్ దాటి పోకుండా పట్టి ఉంచేటట్టు చూస్తుంది. ఈఆర్‌లోనే ఉండాలని చెప్పే గుర్తు పీడీఐ కొస మీద ఉంది, పెద్ద ముక్క మీద లేదు. ఒక ఎంజైమ్ తన చదువు పక్కనపెట్టి కాపలా పని చేస్తున్నదన్నమాట. వైవాలో ఇది అడిగితే చాలామంది తడబడతరు, గుర్తుపెట్టుకో.

ఎంటీపీ ఏం చేస్తుందంటే, ఈఆర్ పొరలో తయారైన ట్రైగ్లిజరైడ్‌ను, కొద్దిగా ఫాస్ఫోలిపిడ్‌ను తన గుంతలో పట్టుకొని అపో బి ముందు భాగానికి అందిస్తుంది. ఆ మొదటి వెయ్యి అమైనో ఆమ్లాలు ఒక దోసిలిలాగా మడుచుకొని ఉంటయి. అపో బి మొత్తంలో ఉన్న ఎనిమిది సల్ఫర్ బంధాల్లో ఏడు ఈ ముందు భాగంలోనే ఉండడానికి కారణం అదే, దోసిలి గట్టిగా ఉండాలి. మొదటి చుక్క ఆ దోసిలిలో పడితే తర్వాతి పట్టీలు ఒక్కొక్కటే ఈఆర్ లోపలికి వస్తూ ఆ చుక్క చుట్టూ చుట్టుకుంటయి. చుక్క పెరుగుతుంది, దారం చుట్టుకుంటుంది. గొలుసు పూర్తయ్యేసరికి ఒక చిన్న, గట్టి కణిక సిద్ధం.

ఒక్కో కణికకు ఒక్కటే అపో బి. రెండు ఉండవు, మధ్యలో దిగి పోదు. వీఎల్‌డీఎల్‌గా బయలుదేరి, దారిలో కొవ్వు దింపుకుంటూ ఎల్‌డీఎల్ అయి, చివరకు లివర్‌కే తిరిగి వచ్చేదాకా అదే అపో బి. అందుకే ఈ మధ్య గుండె డాక్టర్లు అపో బి పరీక్ష రాస్తున్నరు. అది చూస్తే రక్తంలో ఎన్ని మూటలు తిరుగుతున్నయో నేరుగా లెక్క తెలుస్తుంది, ఒక్కో మూటలో ఎంత సరుకుందో వేరే సంగతి.

పేగులో కూడా ఇదే జీన్, ఇదే ఎంటీపీ. కానీ అక్కడ ఒక చమత్కారం జరుగుతుంది. అపో బి ఆర్‌ఎన్‌ఏలో 6,666వ అక్షరాన్ని ఒక ఎంజైమ్ మారుస్తుంది, సి ఉన్నచోట యు పెడుతుంది. "గ్లుటమిన్ కలుపు" అని చదవాల్సిన మూడక్షరాలు "ఇక్కడ ఆపు" అవుతయి. గొలుసు 2,152 దగ్గరే ఆగిపోతుంది. మొత్తం పొడుగులో 48 శాతం వంతు కాబట్టి దానికి అపో బి–48 అని పేరు. 1987లో ఇది బయటపడ్డప్పుడు జీన్‌లో లేని సమాచారాన్ని కణం మధ్యలో దిద్దగలదని మనుషుల్లో కనబడ్డ మొదటి ఉదాహరణల్లో ఒకటి ఇది. డీఎన్‌ఏ ఏం రాస్తే ప్రొటీన్ అదే అని నేను బోర్డు మీద గీసిన బాణాలను ఆ ఏడాది చెరిపి మళ్లీ గీయాల్సి వచ్చింది.

ఎంటీపీ అంత ముఖ్యమని ఎట్లా తెలిసిందంటే ఒక అరుదైన జబ్బు వల్ల. 1950లో న్యూయార్క్‌లో బాసెన్, కోర్న్‌జ్‌వైగ్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక పద్దెనిమిదేండ్ల అమ్మాయిని చూసిన్రు. ఎర్ర రక్తకణాలు పల్లేరుకాయల్లా ముళ్లుముళ్లుగా ఉన్నయి, కంటి రెటీనా దెబ్బతింది, నడక తూలుతుంది. తల్లిదండ్రులు దగ్గరి బంధువులు, మన దగ్గర మేనరికం అంటాం కదా, అట్లాంటి సంబంధం. ఇట్లాంటి వాళ్ల రక్తంలో అపో బి ఉన్న కణికలే లేవని తర్వాత పదేండ్లకు తేలింది. దాంతో జబ్బుకు ఎబీటాలిపోప్రొటీనీమియా అని పేరు పెట్టిన్రు. అందరూ అపో బి జీన్ పాడైందనుకున్నరు. కాదు. ఆ జీన్ బాగానే ఉంది. 1992లో వెటరావ్ బృందం నలుగురు రోగుల పేగు ముక్కల్లో చూస్తే లేనిది ఎంటీపీ. దారం ఉంది, పూలున్నయి, కొవ్వు ఉంది. అందించే చెయ్యి లేదు. పేర్చుడు మొదలే కాలేదు.

ఈ జబ్బులో నడక, చూపు ఎందుకు పోతయో ఆలోచించు. కొవ్వు లేక కాదు. విటమిన్ ఇ కూడా ఈ మూటల్లోనే ప్రయాణం చేస్తుంది. మూట లేకపోతే నరాలకు విటమిన్ ఇ అందదు. అందుకే ఆ పిల్లలకు మామూలుకన్నా చాలా ఎక్కువ మోతాదులో విటమిన్ ఇ ఇస్తూ, తిండిలో నూనె తగ్గిస్తరు. చిన్నప్పుడే మొదలుపెడితే నరాలు చాలావరకు నిలుస్తయి. మేనరికాలు ఇంకా ఉన్న మన జిల్లాల్లో పసిపిల్లకు జిడ్డు విరేచనాలు, బరువు పెరగకపోవడం, రక్తంలో కొలెస్టరాల్ నమ్మలేనంత తక్కువ, ఈ మూడూ కలిసి కనిపిస్తే ఒకసారి ఇది గుర్తుకు రావాలి. నువ్వు రేపు డాక్టరువి, అందుకే చెప్తున్న.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కాలేజీల్లో ఎక్కువగా దాటవేసేది కూడా ఇదే. లివర్ కణం అపో బిని అవసరమైనప్పుడు తయారుచేసి, అవసరం లేనప్పుడు ఆపుతుందని మనం అనుకుంటాం. అట్లా కాదు. అపో బి ఆర్‌ఎన్‌ఏ మోతాదు పెద్దగా మారదు, తయారీ నడుస్తూనే ఉంటుంది. తయారైనదాన్ని పంపాలా, పారెయ్యాలా అన్నదే నిర్ణయం. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి కొనేటప్పుడు తేమ మిషన్ పెట్టి చూస్తరు కదా, ఎక్కువుంటే బండిని తిప్పి పంపిస్తరు. ఇక్కడ చూసేది కొవ్వు. గొలుసు సగం లోపలికి వచ్చాక కూడా సరిపడా కొవ్వు అందకపోతే అది ఈఆర్ పొరలో ఇరుక్కుపోతుంది. బయటి వైపు వేలాడుతున్న భాగాన్ని హెచ్‌ఎస్‌పీ70 లాంటి చాపరోన్లు, అంటే ప్రొటీన్లకు తోడుండే ప్రొటీన్లు పట్టుకుంటయి, పారెయ్యమని చెప్పే యూబిక్విటిన్ ముద్ర పడుతుంది, ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రొటియాజోమ్ దాన్ని నమిలేస్తుంది. ప్రయోగశాలలో పెంచే హెప్‌జీ2 లివర్ కణాల్లో అపో బిలో పెద్ద వంతు ఇట్లనే పోతుంది. ఆ కణాలకు ఓలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం పోస్తే అపో బి తయారీ పెరగదు, పారేసేది తగ్గుతుంది. దాంతో బయటికి వచ్చే మూటలు పెరుగుతయి.

ఎంత వృథా అనిపిస్తుంది కదా? పావుగంట కష్టపడి కట్టిన 4,536 అక్షరాల గొలుసును పడేయడం. కానీ తిండి తిన్న పది నిమిషాల్లో కొవ్వు పంపకం మార్చాలంటే జీన్ దగ్గర నుంచి మొదలుపెడితే ఆలస్యమవుతుంది. కట్టేవాళ్లను పనిలోనే ఉంచి, గేటు దగ్గర ఆపడమే తొందరగా అయ్యే పని. తిన్నాక ఇన్సులిన్ చేసేది సరిగ్గా అదే. అపో బి పారేయడాన్ని పెంచుతుంది, నెమ్మదిగా ఎంటీపీ జీన్‌ను కూడా అణచిపెడుతుంది. "పేగు నుంచి సరుకు వస్తున్నది, నువ్వు కాసేపు ఆగు" అని లివర్‌కు చెప్తున్నట్టు. ఈ మాట బాపు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ కావాలి.

మొదటి కణిక చిన్నది అన్న కదా. అది పూర్తి వీఎల్‌డీఎల్ కావాలంటే రెండో దశ ఉంది. ఈఆర్ లోపల అపో బి లేని కొవ్వు బొట్లు వేరేగా తయారవుతయి, వాటిక్కూడా ఎంటీపీ కావాలి. మొదటి కణిక వాటితో కలిసి పెద్ద సరుకు ఎక్కించుకుంటుంది. ఈ దశలో సాయపడే ఒక ప్రొటీన్ టీఎమ్‌6ఎస్‌ఎఫ్‌2. 2014లో దీని జీన్‌లో ఒక మార్పు కనిపెట్టిన్రు: 167వ చోట గ్లుటమేట్ బదులు లైసిన్. అది ఉన్నవాళ్లకు లివర్‌లో కొవ్వు ఎక్కువ. రక్తంలో మాత్రం ట్రైగ్లిజరైడ్లు, ఎల్‌డీఎల్ తక్కువ, గుండె జబ్బు ముప్పు కూడా తక్కువ. సరుకు ఎక్కకపోతే రోడ్డు ఖాళీగా ఉంటుంది, గోదాం నిండుతుంది. బాపుకు రెండూ ఎక్కువున్నయి కాబట్టి ఆయన కథ ఇది కాదు. కానీ లివర్ కొవ్వు, రక్తం కొవ్వు ఒకే తక్కెడకు రెండు పళ్లాలని ఇంతకన్నా బాగా చూపే ఉదాహరణ నాకు దొరకలేదు.

బయటి పొరకు ఫాస్ఫోలిపిడ్లు కావాలి, ముఖ్యంగా ఫాస్ఫాటిడైల్‌కోలిన్. కోలిన్ లేని తిండి పెట్టిన జంతువులకు లివర్‌లో కొవ్వు పేరుకుంటుందని 1930లలోనే టొరంటోలో చార్లెస్ బెస్ట్ చూపించిండు. పూలు తక్కువైతే బతుకమ్మ లేవదు, తరిగిన ఆకులు గంపలోనే మిగులుతయి. అన్నట్టు, ఫాస్ఫోలిపిడ్లను లెక్కించడానికి వాటిలో ఉన్న ఫాస్ఫేట్‌ను కొలిచే పద్ధతులకు మూలం 1925 నాటి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. ప్రాక్టికల్ రికార్డులో ఆ పేరు రాస్తూ కూడా ఆయన తెలుగాయనని తెలియని పిల్లలను ఏటా చూసేవాణ్ని.

పేర్చడం అయింది, ఇగ బయటికి పోవాలి. ఇక్కడొక అడ్డం. ఈఆర్ నుంచి, సరుకును సర్ది బయటికి పంపే గాల్జీకి మోసే కోప్–2 సంచుల వెడల్పు మామూలుగా 60 నుంచి 80 నానోమీటర్లు. వీఎల్‌డీఎల్ 30 నుంచి 80. కష్టంగానైనా పడుతుంది. కైలోమైక్రాన్ మాత్రం వందల నానోమీటర్లు ఉండొచ్చు. గడ్డి నింపుకొని ఎత్తుగా వచ్చిన లారీ రైల్వే అండర్ బ్రిడ్జి కింద ఇరుక్కోవడం చూసే ఉంటవు. అట్లాంటి సరుకు కోసం దారినే వెడల్పు చేసే ప్రొటీన్లున్నయి. టాంగో1, టాలి అనేవి ఈఆర్ ద్వారం దగ్గర కూర్చొని సంచి నోరు తొందరగా మూతబడకుండా చూస్తయి. సర్ఫ్4 లోపలి కణికను పట్టి ద్వారం దగ్గరికి తెస్తుంది. సంచి మొగ్గ వేయడం మొదలుపెట్టేది సార్1బి. ఈ సార్1బి జీన్ పాడైతే వచ్చే జబ్బు కైలోమైక్రాన్ రిటెన్షన్. 1961లో ఆండర్సన్ అనే డాక్టరమ్మ దాన్ని వర్ణించింది, కారణమైన జీన్ 2003లో దొరికింది. ఆ పిల్లల పేగు కణాలు నూనెతో నిండి తెల్లగా ఉంటయి. మూట తయారైంది, ద్వారం దాటలేదు. ఎబీటాలిపోప్రొటీనీమియాకు, దీనికి తేడా పరీక్షలో అడిగితే ఈ ఒక్క మాట చాలు.

గాల్జీ తర్వాత కథ మామూలే. పేగు మూటలు లింఫ్ దారిన పోయి గుండె దగ్గర రక్తంలో కలుస్తయి, లివర్ మూటలు నేరుగా రక్తంలోకి. కండరాల్లో, కొవ్వు కణాల్లో లిపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ వాటిలోని కొవ్వును దింపుకుంటుంది. అది నీ పుస్తకంలో బాగానే ఉంటుంది.

ఎంటీపీని ఆపేస్తే రక్తంలో ఎల్‌డీఎల్ తగ్గుతుంది కదా అని నీకు ఈపాటికి అనిపించి ఉంటుంది. అట్లాంటి మందు ఉంది, లోమిటపైడ్. 2012 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకం జీన్ రెండు ప్రతులూ చెడిపోయి, చిన్న వయసులోనే గుండెపోటు వచ్చే కుటుంబాలకు మాత్రమే. ఎల్‌డీఎల్ బాగా తగ్గుతుంది, నిజమే. కానీ లివర్‌లో కొవ్వు పెరుగుతుంది, నూనె తింటే విరేచనాలు అవుతయి. ఎందుకో నీకిప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. బాపు లాంటివాళ్లకు ఇది మందు కాదు. ఎవరన్నా ఇంటర్నెట్‌లో చదివి అడిగితే వద్దని చెప్పు.

ఇగ బాపు దగ్గరికి వద్దాం. లివర్‌కు కొవ్వు ఎక్కడిది? 2005లో అమెరికాలో ఫ్యాటీ లివర్ ఉన్న కొద్దిమందికి గుర్తుపెట్టిన కొవ్వు ఆమ్లాలు ఇచ్చి, వాళ్ల లివర్ కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క తీసిన్రు. 59 శాతం శరీరంలోని కొవ్వు కణాల నుంచి రక్తంలోకి జారినది. 26 శాతం లివర్ తానే పిండిపదార్థాల నుంచి తయారుచేసుకున్నది. తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. చిన్న అధ్యయనమే, అమెరికా తిండే. అయినా దిక్కు మాత్రం తెలుస్తుంది. బాపు ఎనిమిది నెలలు పోరాడింది ఆ 15తో. పోపు లేని కూర రుచిగా ఉండదు కాబట్టి అన్నం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ కలుపుకొని ఉంటడు, దాంట్లో నాకు అనుమానం లేదు. ఆరోగ్యవంతుల్లో లివర్ ఇట్లా పిండి నుంచి కొవ్వు చేసుకోవడం చాలా తక్కువ. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నవాళ్లలో అది పెరుగుతుంది.

ఇప్పుడు ఇన్సులిన్ గేటు మాట గుర్తు తెచ్చుకో. పొట్ట పెరిగి, శరీరం ఇన్సులిన్ మాట వినని స్థితి వస్తే మూడు జరుగుతయి. కొవ్వు కణాలు పట్టు సడలించి రాత్రీపగలూ కొవ్వు ఆమ్లాలు వదులుతయి. గేటు దగ్గర "ఆగు" అనే మాటకు బలం పోతుంది, పారేయాల్సిన అపో బి బతికిపోతుంది, ఎంటీపీ అణగదు. విచిత్రమేమంటే కొవ్వు తయారు చెయ్యమనే మాట మాత్రం లివర్ బాగానే వింటుంది. చెడ్డ కొడుకులెక్క, పనికొచ్చే మాట వినడు, పనికిరానిది వింటడు. కొవ్వు ఎక్కువ, ఆపేది తక్కువ. అందుకే పెద్ద పెద్ద వీఎల్‌డీఎల్ మూటలు బయటికి వస్తున్నయి. అదే ఆ 310.

అంత పంపుతున్నా లివర్‌లో ఎందుకు మిగిలిందంటావా? పంపగలిగే సామర్థ్యానికి హద్దుంది. లివర్‌లో కొవ్వు పెరిగేకొద్దీ వీఎల్‌డీఎల్‌లో పోయే ట్రైగ్లిజరైడ్ కూడా పెరుగుతుంది గానీ, లివర్ కొవ్వు 10 శాతం దగ్గరికి వచ్చాక ఇక పెరగదని మనుషుల్లో కొలిచి చూసిన్రు. అదే పరిశీలనలో బయటికి వచ్చే అపో బి సంఖ్య మాత్రం దాదాపు ఒకే బరువున్నవాళ్లలో లివర్‌కు కొవ్వు పట్టినా పట్టకున్నా ఒకేలాగ ఉంది. అంటే లివర్ మూటల సంఖ్య పెంచలేదు, ఒక్కో మూటను లావు చేసింది. లావు చేయడానికి కూడా ఒక హద్దుంటుంది కదా. ఆ తర్వాత వచ్చిందంతా గోదాంలోనే.

బాపుకు నేను మందు చెప్పను, చూసే డాక్టరు చెప్తడు. తిండి విషయం మాత్రం చెప్పగలను. నూనె పూర్తిగా మానడం ఆపమను, కూరకు సరిపడా వేసుకోమను. కొలత పెట్టాల్సింది అన్నానికి, చాయ్‌లో చక్కెరకు, సాయంత్రం బిస్కెట్లకు. పళ్లెంలో అన్నం సగం చేసి, ఆ సగంలో పప్పు, కూర, గుడ్డు పెట్టమను. గుడ్డులో సొన ఉంటే ఉండనీ, కోలిన్ దానిలోనే ఉంది. రోజూ నడిస్తే కండరం ఆ కొవ్వు ఆమ్లాలను కాల్చుకుంటుంది, లివర్‌కు చేరేది తగ్గుతుంది. బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గితే లివర్ కొవ్వు గట్టిగా కదులుతుంది, ఇది చాలామందిలో చూసిన మాట. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, అక్కడి నుంచి పాంక్రియాస్ వాపు భయం మొదలవుతుంది.

మూడు సంగతులు తెలిస్తే ఇంకా చెప్పగలను: హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల చక్కెర సగటు ఎంత, లివర్ ఎంజైమ్ ఏఎల్‌టీ ఎంత, బొడ్డు దగ్గర నడుము కొలత ఎంత. నాలుగోది కల్లు, మందు సంగతి. మద్యం లివర్‌లో కొవ్వు కాలకుండా ఆపుతుంది, వీఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. పైన చెప్పిన లెక్కంతా దాంతో మారిపోతుంది. బాపును అడగడానికి మొహమాటమైతే మీ అమ్మను అడుగు, ఆమెకు సీసాలతో సహా లెక్క తెలిసే ఉంటది.